ఆరు ప్రశ్నల మేడ

ఆ మేడకి మంచి పేరు లేదు.

కింద వాటాలో ఇల్లుగలావిడ ఉంటుంది. పైన అద్దెకిచ్చే మూడు గదులు. మెట్లు వీధివైపు నుంచే. గాలి, వెలుతురు, కుళాయి నిండా నీళ్ళు — వంక పెట్టడానికేం లేదు. అయినా రెండేళ్ళలో నాలుగు కుటుంబాలు దిగాయి, నాలుగూ తెల్లారకుండానే వెళ్ళిపోయాయి. ఒకాయనైతే చంకలో తలగడతో సందు చివరిదాకా పరుగెత్తాడట. ఏమైందయ్యా అని అడిగితే, "అద్దె ఎక్కువండీ" అన్నాడట, రొప్పుతూ. అర్ధరాత్రి ఒంటిగంటకి గుర్తొచ్చిందన్నమాట అద్దె ఎక్కువని.

మధ్య గదిలో రాత్రిపూట ఎవరో... రాస్తారని చెప్పుకునేవారు. ముందు కాగితం మీద పెన్సిలు గీస్తున్న చప్పుడు. ఆ తర్వాత ఒక గొంతు.

ఇల్లుగలావిడ ముప్పయ్యేళ్ళు బళ్ళో పంతులమ్మగా చేసింది. అందరూ ఆవిణ్ణి పరీక్షల మామ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇల్లు కావాలని వచ్చినవాళ్ళకి ఆవిడ పరీక్ష పెడుతుంది. మాటవరసకి కాదు, నిజం పరీక్షే. ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళంతా విడివిడిగా కూర్చోవాలి — మొగుడు వరండాలో, పెళ్ళాం వంటింట్లో. తలా ఒక తెల్లకాగితం, ఆరు ప్రశ్నలు. ఏం పని చేస్తారు, ఎంతమంది ఉంటారు, పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు... ఇలా. ఆఖరిది, మాతో చెప్పవలసింది ఇంకేమైనా ఉందా అని. జవాబులు రాసి, ఎవరి కవరు వాళ్ళే అంటించి, అంటించినచోట సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ రాత్రికి మేడ మీద పడుకుని చూడాలి. పొద్దున్నే మామ్మ వాళ్ళ ఎదురుగానే కవర్లు చింపి, కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఎదురుగా చింపుతానన్న సంగతి మాత్రం ముందు చెప్పదు. జవాబులు కలిస్తే తాళంచెవి. కలవకపోతే ఓ దండం.

"నోటితో అడిగితే మొగుడి మొహం చూసి పెళ్ళాం చెబుతుంది, పెళ్ళాం మొహం చూసి మొగుడు చెబుతాడు. చూచిరాతకి మార్కులెలా వేస్తాం?" అనేదట.

ఆవిడ భర్త కూడా పంతులే. ఆ మధ్య గదిలోనే పిల్లల పేపర్లు దిద్దుతూ దిద్దుతూ కుర్చీలోనే పోయాడు. "బతికున్నన్నాళ్ళూ పిల్లల్ని ఏడిపించాడు, ఇప్పుడు అద్దెకొచ్చినవాళ్ళని పట్టుకున్నాడు" అని సందులో జోకులు. పగలే లెండి. చీకటి పడ్డాక ఆ జోకులు వేసినవాళ్ళే తలెత్తి ఆ కిటికీవైపు చూసేవారు కాదు.

ఇదంతా నాకు చెప్పింది మా పిన్ని. ఆవిడ ఎవరో అనగా విని చెప్పలేదు. ఆ మేడ మీద పడుకుని, లేచి వచ్చి చెప్పింది.

పిన్ని రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. బాబాయి ఒక ఆఫీసు రికార్డు గదిలో నకలు గుమాస్తా. పధ్నాలుగేళ్ళ కాపురం, పిల్లల్లేరు. బాబాయి నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్ళం మేమంతా. అలాంటి మనిషి ఒకరోజు ఉన్నట్టుండి, "ఇల్లు మారదామే. మీ ల్యాబుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒకటి చూశాను. రెండు బస్సులు మారే బాధ నీకు తప్పుతుంది" అన్నాడు.

పధ్నాలుగేళ్ళలో తన బస్సుల గురించి ఆయన ఆలోచించడం అదే మొదలు. పిన్ని ఆ మాట మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. పక్క గదిలో ఉన్న నాక్కూడా వినిపించింది ఆవిడ సంతోషం.

మేడ సంగతి ఎవరో చెవిన వేస్తే పిన్ని నవ్వేసింది. "పొద్దున్నుంచి సాయంత్రందాకా జనం రక్తం పీల్చేదాన్ని నేను. దెయ్యమే నన్ను చూసి జడుసుకోవాలి" అంది.

శనివారం సాయంత్రం ఇద్దరూ వెళ్ళి పరీక్ష రాశారు. పిన్నికి పది నిమిషాలు పట్టింది. బాబాయికి ముప్పావుగంట. ఇంతసేపు ఏం రాస్తున్నాడా అని పిన్ని వంటింట్లోంచి తొంగిచూస్తే, "అమ్మాయ్, పక్క పేపర్లోకి చూడకు!" అని మామ్మ కసిరింది. ముగ్గురూ నవ్వుకున్నారట. మామ్మ రెండు కవర్లూ బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"పాత ఇంట్లో మూటలు కట్టడం సగంలో ఉంది. నువ్వు పైకెళ్ళి పడుకో. నేను పని ముగించుకుని స్కూటర్ మీద వచ్చేస్తాను" అన్నాడు బాబాయి. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగాడట. ఏదో అనబోయి... "తలుపు గడియ వేసుకో" అని వెళ్ళిపోయాడు.

మధ్య గదిలో గోడవారగా పాత బల్ల ఒకటి, దాని ముందు కుర్చీ. అంతకుమించి సామానేం లేదు. పిన్ని నేలమీద చాప వేసుకుంది. పది గంటలకి ఫోన్ చేస్తే, "ఇదిగో, బయల్దేరుతున్నా" అన్నాడు బాబాయి. అరగంట దారి. పదకొండున్నరకి చేస్తే స్విచాఫ్. పన్నెండుకీ అంతే. చార్జింగ్ అయిపోయిందేమోలే, వచ్చేస్తాడులే అని సర్దిచెప్పుకుని, లైటార్పి కళ్ళు మూసుకుంది.

ఎంతసేపయిందో తెలీదు...

సర్... సర్... సర్...

ఎలుక అనుకుంది. కానీ ఎలుక అయితే దాని ఇష్టమొచ్చినట్టు గీకుతుంది. ఇది అలా లేదు — ఒక వరుస గీసి, ఆగి, కాగితం తిప్పి, మళ్ళీ గీసినట్టుంది. బల్ల దగ్గరనుంచే.

పిన్ని ఊపిరి బిగబట్టింది. టార్చి తలగడ కిందే ఉంది. చెయ్యి కదలదే!

కుర్చీ కిర్రుమంది.

"ఎంతమంది?"

ముసలి గొంతు. కోపం లేదు, తొందరా లేదు... హాజరు వేసుకునే పంతులు అడిగినట్టు అడిగింది. పంతులు అడిగితే జవాబు చెప్పడం చిన్నప్పటి అలవాటు కదా, ఎంత భయంలోనూ అది పోలేదు.

"ఇద్దరమండీ" అంది పిన్ని.

సర్... సర్...

"తప్పు."

"ఇద్దరమే... మా ఆయన వస్తున్నారు... దారిలో ఉన్నారు..."

"తప్పు."

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఆ గొంతే — ఈసారి జాలిపడుతున్నట్టు, మెల్లగా —

"ఒక్కరే."

పిన్నికి ఒళ్ళంతా చల్లబడిపోయింది. దెయ్యాన్ని చూసి కాదు. పదింటికి స్కూటర్ మీద బయల్దేరిన మనిషి... ఇంకా రాలేదు... ఫోన్ పలకడం లేదు... ఒక్కరే అంటోంది ఈ గొంతు. అంటే ఆయనకి ఏమైంది?

ఆ తర్వాత ఆ గదిలో ఏముందో, ఏం లేదో పిన్ని చూడలేదు. చెప్పులైనా వేసుకోకుండా, చేతిలో ఫోన్‌తో మెట్లు దిగి, సందు దాటి, పెద్ద రోడ్డు మీదకి పరుగెత్తింది. దూరంగా వెలుగు కనిపిస్తే ఆయనే అనుకునేది. దగ్గరికొచ్చాక ఎవరో. ఇంకో వెలుగు, మళ్ళీ ఎవరో. బండివాళ్ళు ఆవిణ్ణి చూసి, దెయ్యమనుకుని, ఇంకాస్త వేగంగా పోయారట. అది చెబుతున్నప్పుడు మాత్రం పిన్ని కొంచెం నవ్వింది.

ఆడపడుచుకి ఫోన్ చేసింది. అర్ధరాత్రి ఒంటిగంట దాటింది. మొదటి రింగుకే ఎత్తింది ఆ పిల్ల.

"అన్నయ్యకేం కాదు వదినా" అంది గుసగుసగా. "నువ్వెళ్ళి పడుకో... నీకు పుణ్యముంటుంది, పడుకో వదినా."

ఆ వేళప్పుడు మొదటి రింగుకే ఎలా ఎత్తింది, ఏమైందని ఎందుకు అడగలేదు అని ఆలోచించే స్థితిలో పిన్ని లేదు. పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు పిన్నికి తెలిసినావిడే. ఆవిడకి చేసింది. ప్రమాదం కేసులేమీ రాలేదంది నర్సు.

"వస్తే నాకు చెప్పక్కా. ఆయనది బి నెగటివ్, ఓ పట్టాన దొరకదు. నాది ఓ నెగటివ్, సరిపోతుంది. నడిచైనా వచ్చేస్తాను. ఎంత కావాలంటే అంత తీసుకోండి."

తర్వాత ఆ రోడ్డు పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకుంది. ఆయన్ని ప్రాణాలతో ఇంటికి చేర్చు స్వామీ, ఆయన బదులు నన్ను తీసుకుపోయినా సరే, అని. ఎన్నిసార్లు అందో లెక్క లేదు. తెల్లవారుజామున తిరిగొచ్చి మెట్ల మీద కూలబడింది.

మామ్మ తలుపు తీసి చూసింది. పిన్ని వెక్కుతూ వెక్కుతూ జరిగింది చెప్పింది. "పోలీసులకి చెబుదాం మామ్మగారూ, ఆయనకేదో అయింది" అంది.

మామ్మ లోపలికి వెళ్ళి, బీరువా తీసి, కవర్లు రెండూ పట్టుకొచ్చింది.

"సంతకాలు చూడమ్మాయ్. చెక్కుచెదరలేదు కదా?"

చెదరలేదు. మామ్మ ముందు పిన్ని కవరు చింపింది.

రెండో ప్రశ్నకి పిన్ని రాసిన జవాబు "ఇద్దరం" అని. ఆ మాట మీద అడ్డంగా... ఎర్ర పెన్సిలు గీత.

మామ్మ కాగితాన్ని వెలుగులోకి తిప్పింది. గీత చివర చిన్న కొక్కెంలా వంపు తిరిగి ఉంది. దానిమీద వేలు పెట్టి, "ఇలా తిప్పేది మా ఆయనే" అంది. "ఆయన పోయాక ఈ ఇంట్లో ఎర్ర పెన్సిలు లేదమ్మా..."

పిన్ని రెండో కవరు లాక్కుని తనే చింపింది.

ముత్యాల్లాంటి అక్షరాలు. ఎంతమంది ఉంటారు? *ఒక్కరు. నా భార్య.* పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు? *చేయడం లేదు. అక్కడ నేను మరొకరితో ఉంటాను.* మాతో చెప్పవలసింది ఇంకేమైనా ఉందా? *నా భార్యకు ఈ విషయాలు ఇంకా తెలియవు. నా చెల్లెలికి మాత్రమే తెలుసు. దయచేసి మీరు చెప్పవద్దు.* ఆ చివరి మాట కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

ఇక నేనాయన్ని బాబాయి అనను. గుమాస్తా అంటాను. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు గానీ, సంతకం పెట్టే కాగితం మీద తప్పు రాయడానికి చేతులు రాలేదు ఆ గుమాస్తాకి. ఇరవయ్యేళ్ళ రికార్డు గది అలవాటు అది. పైగా ఆ కాగితం మామ్మ ఒక్కతే చదువుకుంటుందనుకున్నాడు. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళుంటారని విన్నాను. స్కేలు పెట్టి కొలిచి మరీ కోసినవాణ్ణి ఇతన్నే చూశాను.

"వదిలేసి పోయినందుకు కాదురా నాకు మంట" అంది పిన్ని నాతో. "చెప్పి పోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. రోడ్డు మీద నిలబెట్టి, తన కోసం నా ప్రాణం ఇస్తానని దేవుడికి మొక్కించాడు చూడు... అది ఎలా మర్చిపోను? ఆ పిల్ల కూడా, పడుకో వదినా అందే తప్ప ఒక్క నిజం చెప్పలేకపోయింది. కన్నవాడు కాదు, కట్టుకున్నవాడు కాదు, ముక్కూమొహం తెలీని ఆ ముసలాయన చెప్పాడు. అదీ రెండుసార్లు. నేనే వినలేదు."

మెట్ల మీద ఆ కాగితం పట్టుకుని కూర్చునుండగానే ఫోన్ మోగిందట. గుమాస్తానే.

"రాత్రి చార్జింగ్ అయిపోయిందే. బండి కూడా మొరాయించింది. సాయంత్రానికల్లా వచ్చేస్తాలే. ఇల్లు బాగుందా? కిటికీ పక్కన నా మంచానికి చోటుంచు, గాలొస్తుంది."

పిన్ని ఆ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"రాత్రంతా మీరు పోయారనుకుని ఏడ్చానండీ" అంది.

అవతల నవ్వాడు. "పిచ్చిమొహమా, నాకేమైంది? నిక్షేపంలా ఉన్నాను."

"లేదండీ" అంది పిన్ని. "పోయారు. నాకు ఇప్పుడే తెలిసింది."

ఫోన్ పెట్టేసి, మామ్మ ముందు చెయ్యి చాపి మేడ తాళంచెవి అడిగింది.