మేకులు కొట్టిన గది

షావుకారింటి వెనక గది సంగతి మా ఊళ్ళో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. పట్టపగలు ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళేవాడు కూడా సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ఇక పొద్దుగూకితే… ఆ వీధే మానేసి కాలవ గట్టు చుట్టూ తిరిగి ఇంటికి చేరేవాళ్ళం. నేనూ అలాగే తిరిగేవాణ్ణి. ఎందుకండీ అబద్ధాలు!

యాభై మూడు వరదల్లో జరిగిందంట ఆ ఘోరం. జోగేశ్వరరావు షావుకారి కోడలు చిట్టెమ్మ, వెనక గదిలో ధాన్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ లోపలే ఉండిపోయింది. నీళ్ళొచ్చేశాయి. తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. ఇంట్లోవాళ్ళంతా డాబా ఎక్కేశారు. కింద ఆవిడ తలుపు కొడుతూనే ఉందంట… కొడుతూ… కొడుతూ… కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయిందంట.

అప్పట్నుంచీ, వరద వచ్చిందంటే చాలు, ఆ గది తలుపు లోపల్నుంచి మోగుతుందని ఊళ్ళో చెప్పుకునేవారు.

అలాంటి కొంపని కొనుక్కుంది నాగరత్నం గారు. మా హైస్కూల్లో తెలుగు టీచరు. భర్త పోయాడు, పదేళ్ళ కూతురు మీనాకుమారి తప్ప ఎవరూ లేరు. "ఇదేంటండీ, తెలిసి తెలిసి ఆ ఇల్లా?" అని నేను మొత్తుకున్నాను. నేనక్కడ గుమాస్తాని, పేరు కుక్కుటేశ్వరరావు. ఆవిడ నవ్వేసి, "నా జీతానికి దెయ్యం లేని ఇల్లు రాదు గుమాస్తా గారూ!" అంది. వెనక గదికి తాళం వేసి, ముందు గదుల్లో రెండేళ్ళు హాయిగానే ఉంది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి గట్టు తెగింది.

ఆ రాత్రి గురించి చెప్పను. తెల్లారేసరికి స్కూలు మేడ మీద బతికే ఉన్నాం, అదే చాలు. నీళ్ళు తీశాక చూస్తే ఊరంతా మోకాలి లోతు బురద. మేమంతా స్కూలు గదుల్లోనే వంటా పడకా. ఇంతలో పైనుంచి ఆర్డరొచ్చింది — సోమవారం బడి తెరవాలి, గదులు ఖాళీ చెయ్యాలి. మీనాకుమారికి ఒళ్ళు పేలిపోయే జ్వరం. ఆ పిల్లని పడుకోబెట్టడానికి సోమవారంలోగా ఒక్క గదైనా ఆరాలి. నాగరత్నం గారికి వేరే దిక్కు లేదు.

కానీ పనికి ఎవరొస్తారు? మా ఊరి కూలీలు ఆ ఇంటి పేరు చెప్పగానే తల అడ్డంగా ఊపేసేవారు.

చివరికి బుధవారం పొద్దున్నే ఆవిడ గట్టు మీదికి వెళ్ళింది. అక్కడ లంకల్లోంచి పడవల మీద వచ్చినవాళ్ళంతా తాటాకు పాకల్లో ఉన్నారు. ఎక్కడివాళ్ళో, ఏమో… వాళ్ళకి చిట్టెమ్మ కథ తెలీదు. "బురద తియ్యాలి, ఎవరొస్తారమ్మా?" అంటే వచ్చినవాళ్ళు వచ్చారు. తలుపులన్నీ బార్లా తీసి, వెనక గది తాళం కూడా తీసేసి, పని చూపించి, గంజి కేంద్రం డ్యూటీకి పరిగెత్తింది. అప్పుడు టీచర్లందరికీ అదే డ్యూటీ.

పొద్దు వాలుతుండగా వీధిలో కేకలు. ఆ కూలీలు… పారలు, తట్టలు ఎక్కడివక్కడ పారేసి పరిగెత్తుకొస్తున్నారు. ఒకడు మా స్కూలు గేటు ముందు బోర్లా పడ్డాడు.

"కొడతందండీ… వెనక గది తలుపు… లోపల్నుంచి కొడతందండీ!"

మధ్యాహ్నం వాళ్ళకి పక్కింటివాళ్ళెవరో కథంతా విప్పి చెప్పేశారట. ఇంక ఆగుతారా? కూలి కూడా అడక్కుండా గట్టెక్కేశారు. తెల్లారేసరికి ఆ పాకల్లో జనాన్నంతా లారీల్లో ఎక్కించి వేరే ఊరి శిబిరానికి తరలించారు.

గురువారం ఉదయం, నాగరత్నం గారు, నేను, వడ్రంగి చంద్రరావు — ముగ్గురం గుండెలు చిక్కబట్టుకుని ఆ ఇంట్లోకి వెళ్ళాం. లోపల చీకటి, బురద వాసన. వెనక గది తలుపు మూసుకునే ఉంది.

కాసేపు ఏమీ లేదు.

ఆ తర్వాత… టక్. టక్. టక్.

తలుపు వెనకాల ఏదో మూలుగు… మాట కాదు, ఏడుపూ కాదు… బొంగురుగా, నేల లోపల్నుంచి వస్తున్నట్టు. నాగరత్నం గారు నా చొక్కా పట్టుకుని లాగేసింది.

మేకులు కొట్టించమన్న మహానుభావుణ్ణి నేనే లెండి. మా ఊళ్ళో అదొక పద్ధతి. పాడుపడ్డ చోట ఏదైనా ఉందనుకుంటే, తలుపుని దారబంధానికి కలిపి ఇనప మేకులు దిగ్గొడతారు. ఇనుము దాటి రాదని నమ్మకం. చంద్రరావు సుత్తి తీశాడు.

అతను ఒక దెబ్బ కొడితే — లోపల ఒక దెబ్బ.

ఇటు రెండు. అటు రెండు.

చంద్రరావు సుత్తి పారేసి పారిపోబోయాడు. నేనే భుజం పట్టుకుని ఆపాను. "ఇంకో రెండు కొట్టు చంద్రరావూ! కొట్టవయ్యా, ఇంకో రెండు!" అని అరిచాను. నాగరత్నం గారు కళ్ళు మూసుకుని దండం పెడుతోంది — "చిట్టెమ్మా, నీకు పుణ్యముంటుంది తల్లీ… మమ్మల్ని వదిలెయ్యి…" ఆరు మేకులు దిగాయి. లోపల చప్పుడు ఆగిపోయింది. చూశారా, నా మంత్రం ఎలా పనిచేసిందో అన్నట్టు నేను మీసం కూడా దువ్వుకున్నాను.

అయినా గది ఆరాలి కదా! శుక్రవారం ఆవిడ పక్క పేటలో ఉండే తాపీమేస్త్రీ లాజరుని బతిమాలి తీసుకొచ్చింది. మంచి పనివాడు, చర్చికి వెళ్ళేవాడు. "దెయ్యాల్ని నేను నమ్మనండి," అన్నాడు. "నమ్మనుగానీ… భయం మాత్రం ఉందండి."

గోడల మీద అరచెయ్యి ఆనించి ఇల్లంతా తిరిగాడు. మట్టి గోడలు, పైన సున్నం పూత. "తడి లోపలుందండి టీచరుగారూ. ఇలాగే ఒదిలేస్తే సోమవారం దాకా కూడా నిలవ్వండి, ఎల్లుండికే జారిపోతాయి. ఊక రాజెయ్యాలి. రాత్రంతా."

మా వైపు వరద తర్వాత మేస్త్రీలు అలాగే చేస్తారు. పాత నూనె డబ్బాల నిండా ఊక కూరి, నిప్పు పెట్టి, తలుపులు దగ్గరగా వేసేస్తారు. మంట రాదు — సెగ, పొగ. గంటగంటకీ ఒకళ్ళు కెలుకుతూ ఉండాలి. లేకపోతే ఆరిపోతుంది, లేదంటే ఇల్లే అంటుకుంటుంది. అందుకని ఆ రాత్రి లాజరు ఒక్కడే అక్కడ కూర్చోవాల్సొచ్చింది.

ఇక్కణ్ణుంచి అతను నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

ఐదు డబ్బాలు రాజేశాడు. అన్నిటికంటే ఎక్కువ తడి ఆ మేకులు కొట్టిన తలుపు పక్క గోడకే ఉంది. ఏం చేస్తాడు పాపం? ఒక డబ్బాని తీసుకెళ్ళి సరిగ్గా ఆ గడప ముందు పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. తలుపు కింద సందులోంచి పొగ మెల్లగా లోపలికి పోతోంది…

బయట కప్పల గోల. లోపల ఊక చిటపటలు. పదయింది. పదకొండయింది.

అప్పుడు వినబడింది. గీకుతున్న చప్పుడు. చెక్క మీద గోళ్ళతో… నెమ్మదిగా… ఆగి… మళ్ళీ.

"ప్రభువా… ప్రభువా…" అంటూ లాజరు చేతిలో కర్ర పారేసి వసారాలోకి వచ్చిపడ్డాడు. సైకిల్ స్టాండు తీసేశాడు. ఒక కాలు పెడలు మీద ఉంది.

అప్పుడు… లోపల ఎవరో దగ్గారు.

లాజరు కదల్లేకపోయాడు. మళ్ళీ దగ్గు. ఈసారి ఆగకుండా… పొయ్యిలో పచ్చికట్టెలు పెట్టినప్పుడు వాళ్ళమ్మ దగ్గినట్టు… ఊపిరి అందక, చివర్లో చిన్నగా కూత వేస్తూ.

"చీకట్లో అలా ఎంతసేపు నిలబడ్డానో తెలీదండి," అన్నాడు నాతో. "పొగకి దగ్గాలంటే ఊపిరుండాలి కదండీ. చచ్చినోళ్ళకి ఊపిరెక్కడిది? ఆ మాట తట్టేసరికి… దెయ్యం భయం కంటే పెద్ద భయం పట్టుకుందండి. ఆ డబ్బా అక్కడ పెట్టింది నేనే కదా."

పరిగెత్తుకెళ్ళి డబ్బాని కాలితో తన్నేశాడు. నిప్పులు నేలంతా చెదిరాయి. "ఎవరమ్మా లోపల? ఎవరు?"

చాలాసేపటికి… టక్. ఒక్కటే.

గునపం తెచ్చి మేకు కింద దూర్చాడు. తెరిస్తే ఏది మీద పడుతుందో! ఒకటి… రెండు… ఆరో మేకు ఊడింది. భుజంతో నెట్టాడు. తలుపు జానెడు కదిలి, బురదలో దిగి ఆగిపోయింది.

ఆ సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకా నల్లగా, గోళ్ళ దగ్గర రక్తంతో… అతని మణికట్టు పట్టుకుంది.

లాజరు గావుకేక పెట్టాడు. కానీ చెయ్యి విదిలించలేదు. ఎందుకంటే ఆ చెయ్యి చల్లగా లేదంట. జ్వరంతో కాలిపోతోందంట.

స్కూల్లో నాకు మెలకువ వచ్చింది గేటు చప్పుడుకి. కిటికీలోంచి చూశాను. లాజరు వస్తున్నాడు… భుజం మీద ఒళ్ళంతా బురద పూసుకున్న ఒక ఆకారం, జుట్టు వేలాడుతూ… నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు గడియ వేశాను. నిజమండీ, వేశాను! నాగరత్నం గారు నన్ను పక్కకి తోసి గడియ తీసింది.

లాంతరు వెలుగులో చూస్తే — ఆడమనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం ఆడుతున్నాయి. మీనాకుమారి కోసం కాచి పెట్టిన గంజి నాగరత్నం గారు చెంచాతో ఆవిడ నోట్లో పోసింది.

"ఎవరమ్మా నువ్వు? ఆ గదిలోకి ఎలా వెళ్ళావు తల్లీ?"

గొంతు అరిచి అరిచి పోయింది.

"పెద్దింట్లమ్మనండి… బుధారం పొద్దున్న మీరే కదండీ… బురద తియ్యాలి, రమ్మన్నారు…"

నాగరత్నం గారి చేతిలో చెంచా జారిపోయింది. ఆవిడ ఆ రోజు ఎవరి పేరూ అడగలేదు. ఎంతమంది వచ్చారో చూసుకోలేదు.

"అందరూ ముందు గదుల్లో ఉంటే… నేను ఎనక గదిలోకెళ్ళానండి. గాలికి తలుపు పడింది. బిగుసుకుపోయింది. కొట్టాను… అందరూ పారిపోయారు. వాళ్ళలో నన్నెరిగినోళ్ళు లేరండి. ఆ గదిలో కుండలో నిలిచిన వరద నీళ్ళు తాగాను. తలుపు కింద బురద చేతుల్తో తోడేశానండి… గురువారం పొద్దున్న ఇంక కొంచెమే… మనుషుల మాటలు ఇనపడ్డాయి. వచ్చేశారనుకున్నాను. నేనూ కొట్టాను… అప్పుడు…"

నాగరత్నం గారు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఏడుస్తోంది, పైట నోట్లో కుక్కుకుని.

నేను ఏదో ఒకటి చెయ్యాలి కదా. గబగబా కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ముందుకొచ్చాను. అప్పటిదాకా నేను నోరు విప్పలేదు.

"తాగు తల్లీ… భయపడకు," అన్నాను.

పెద్దింట్లమ్మ గోడకి అతుక్కుపోయి, లాజరు చొక్కా రెండు చేతుల్తో పట్టుకుని అతని వెనక దాక్కుంది.

"ఈ గొంతేనండి… ఇంకో రెండు కొట్టు, ఇంకో రెండు కొట్టు అన్నది… ఈ గొంతేనండి… నన్ను మళ్ళీ ఆ గదిలో పెట్టనివ్వకండి బాబూ…"

దెయ్యాన్ని చూసినవాళ్ళ మొహం ఎలా ఉంటుందో ఆ రాత్రి మొదటిసారి చూశాను. ఆవిడ చూస్తున్నది నన్నే.