ఆనతిచెవి ముందు అనని మాట

"తలుపు" అన్నాడు కోటిలింగం. ఆసుపత్రి వార్డు తలుపు తెరుచుకుంది. "గాలి" అన్నాడు. పంకా తిరిగింది.

గోడకు చింతగింజంత ఆనతిచెవి ఉంది. ఊళ్ళో ప్రతి గోడకూ, ప్రతి తూముకూ అలాంటిదొకటి ఉంటుంది. విన్న పని చేసేస్తుంది. చేతకానిదైతే ఎవరు చేయాలని అడుగుతుంది.

మంచం మీద అతని భార్య అచ్చమ్మ ఉంది. ఇంకో గంటలో గుండె ఆపరేషన్. బతికే వీలు సగమేనని డాక్టరమ్మ చెప్పింది.

కోటిలింగం వసారాలోకి వచ్చి, బల్లమీద కూర్చున్న మేనకోడలు మందాకిని పక్కన చేరాడు. పట్నంలో గ్రీకు చదువుతున్న పిల్ల.

"అత్తయ్యతో ఒక మంచి మాట అనరాదా, మామయ్యా?"

"చెవి ఉందిగా."

ముప్పై ఏళ్ళ కిందట ఏరువాకనాడు పెద్దలు కొబ్బరికాయ కొట్టి "నేల తడవాలి" అని దండం పెట్టారు. అదీ ఆజ్ఞేననుకుని చెవులు తూములన్నీ ఎత్తేశాయి. ముందే చల్లిన విత్తనమంతా వాగులో కలిసింది. ఆనాటి నుంచి ఊళ్ళో ఎవరూ పైకి కోరుకోరు. పుట్టిన బిడ్డకు అక్షింతలు కూడా నోరు మెదపకుండానే వేస్తారు.

"పాత గ్రీకులో కోరుకోవడానికి క్రియకు వేరే రూపమే ఉండేది, మామయ్యా. తరవాత పోయింది."

"వాళ్ళకీ చెవులు బిగించారా?"

"లేదు. నోళ్ళలో నలిగి నలిగి రూపాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఆజ్ఞ రూపం నిలిచింది, కోరిక రూపం నిలవలేదు."

"మరి కోరుకోవడం మానేశారా?"

"మానతారా? క్రియ ముందు చిన్న మాట తగిలించి ఇప్పటికీ కోరుకుంటారు. ఇల్లు కూలినవాళ్ళు పక్కింటి పంచలో కాపురం పెట్టినట్టు."

కోటిలింగం తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. లేచి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"చుట్ట కోసమొచ్చావా? ఇక్కడ కాల్చనివ్వరు" అంది అచ్చమ్మ.

"కాదే." గొంతు సవరించుకున్నాడు. "నువ్వు బతకాలి."

"ఎవరు చేయాలి?" అంది చెవి.

"నాకేం తెలుసు?"

"ఎప్పటిదాకా?" అంది చెవి మళ్ళీ.

"నేనున్నంతకాలం."

అచ్చమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓహో, నీ తరవాత నేనుండొద్దా, మావా?"

"ఉండు. నన్ను తిట్టుకుంటూ ఉండు."

"ఇన్నేళ్ళకు పని చెప్పకుండా ఒక మాటన్నావు. మళ్ళీ అను."

అన్నాడు. ఈసారి వార్డంతటికీ వినబడింది.

బండి తోసుకొచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. తక్కిన మంచాల దగ్గర మనుషులు తమవాళ్ళ మీదికి వంగారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, పెదవులు మాత్రం కదుపుతున్నారు.