తీసుకెళ్లే కొక్కెం

ఆ అక్కచెల్లెళ్ల కుట్టు దుకాణంలో గోడకి మూడు కొక్కేలుండేవి. లోపలి వైపుది కత్తిరించి పెట్టిన బట్టకి. మధ్యది, మనిషి వచ్చి ఒకసారి వేసుకుని చూడాల్సిన వాటికి. గుమ్మం పక్కది తీసుకెళ్లే కొక్కెం. దాని మీదికి ఎక్కిందంటే ఆ బట్ట ఇక దుకాణానిది కాదు. దించకూడదు, మళ్లీ కత్తెర తగలకూడదు. సొంతదారు వచ్చి పట్టుకుపోవాల్సిందే.

ఈ నియమం పెట్టింది అక్క. "ఇక్కడ కాస్త బిగించు, అక్కడ కాస్త వదులు చెయ్" అని చివరి నిమిషంలో ప్రాణం తీసే కస్టమర్ల నోరు మూయించడానికి పెట్టింది. వాదనలో ఆవిణ్ణి గెలిచినవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు.

చెల్లెలిని అందరూ బొంగరం అనేవారు. నడుం దగ్గర గుండ్రంగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు. ఆ పేరు పెట్టింది కూడా అక్కే.

అక్క మిషను పైన ఒక పాత కేలండర్ పేజీ వేలాడుతుండేది. ఉత్తరాన ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న రాజధాని బొమ్మ. ఎరుపూ పచ్చా రేకు కప్పులు, రేవులో పడవలు, వెనక తెల్లటి కొండ. ఏళ్లు మారాయి గానీ ఆ పేజీ మారలేదు.

"రాజధానంటే ఇంతే ఉండాలే," అనేది అక్క. "పొద్దున బయల్దేరితే భోజనం వేళకి ఊరంతా అయిపోవాలి. పెద్ద ఊళ్లకి వెళ్లేది చూడ్డానికా, తప్పిపోవడానికా?"

"ఆ చలిలో భోజనం వేళ దాకా మనం బతికుంటామా అక్కా?"

"నువ్వుంటావు. నీకు దేవుడు లోపలే ఓ కోటు కుట్టి పంపాడు."

ఊరు దాటడమే తెలియని ఇద్దరు ఆడవాళ్లు సముద్రం దాటాలనుకుంటే ముందేం చేస్తారు? వీళ్లు మాత్రం ఊలు గుడ్డ కొన్నారు. ఒకే తానులోంచి ముదురు నీలం రంగువి రెండు కోట్లు మొదలుపెట్టారు. పక్క కొట్టులో విమానం టికెట్లు అమ్మే బాబాయి ఇద్దరికీ టికెట్లు పెట్టి, అక్కడి రేవు దగ్గర ఒక గది చూసిపెట్టాడు. అక్కడ చలికాలంలో మధ్యాహ్నమే చీకటి పడిపోతుందని నోరు జారాడు. అంతే, చీకటికి కూడా ట్రయల్ వెయ్యాలంది అక్క.

అప్పట్నించి పని తగ్గిన మధ్యాహ్నాల్లో షట్టర్ దించేసేవాళ్లు. దీపాలు ఆపి, ఫ్యాను ఆపి, కోట్లు తొడుక్కుని, ఆ కారు చీకట్లో నడిచేవాళ్లు. "ఇదిగో రేవు. ఇక్కడ ఎడమకి తిరిగితే కొండ దారి." ఎడమకి తిరిగితే కత్తిరింపు బల్ల తగిలేది. చెమటలు కారుతుంటే ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నడిచేటప్పుడు చెల్లెలి చెయ్యి అక్క జేబులో ఉండాలి. "తప్పిపోతే ఎవర్ని అడుగుతావే, ఏ భాషలో అడుగుతావు?"

తర్వాత దగ్గు మొదలైంది.

ఊపిరి తీసినప్పుడల్లా అక్క ఛాతీలో సన్నగా ఈల వినిపించేది. మనిషి కరిగిపోతుంటే కోటు పెద్దదైపోయేది. అక్కే పక్క కుట్లు విప్పి లోపలికి పట్టేది. మళ్లీ కరిగేది. మళ్లీ విప్పేది. అక్కది ఎడమచేతి వాటం కాబట్టి ఆవిడ కుట్టు ఎదురు దిక్కుకి వాలి ఉండేది. ఏది ఎవరి కుట్టో చీకట్లో తడిమినా చెప్పొచ్చు. "చూశావా, బట్ట ఎంత మిగులుతోందో," అని నవ్వేది. చివరికి ఆ కోటు పిల్లలకి కుట్టినట్టు అయింది. పై బొత్తాం ఒక్కటి కుట్టడం మిగిలిపోయింది. వానలు మొదలయ్యేసరికి అక్క లేదు.

ఇక చెల్లెలికి ఒకే ప్రశ్న మిగిలింది. వెళ్తే అక్కని వదిలేసినట్టు. మానేస్తే అక్క కోరికని కూడా పాతిపెట్టినట్టు. ఏ వైపు నిలబడి వాదించినా ఓడిపోయేది తనే.

"ఇవాళ సాయంత్రం కొట్టు కట్టేలోగా చెప్పమ్మాయ్," అన్నాడు బాబాయి, గొడుగు గుమ్మంలో దులుపుతూ. "అక్క టికెట్టు ఎలాగూ రద్దు చేశాను. నీది ఉంచనా, తియ్యనా?"

"తీసెయ్ బాబాయ్." అని, అతను అడుగు తీసేలోపు, "వద్దు. సాయంత్రం చెప్తాను," అంది.

అతను మధ్య కొక్కేనికి ఉన్న చిన్న కోటు చూసి, గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఆ కోటు ఒళ్లో పెట్టుకుని మిగిలిపోయిన బొత్తాం కుట్టింది. దారం కొరికింది. లేచి, దులిపి, గుమ్మం పక్కన తగిలించింది.

తగిలించాక గానీ తెలియలేదు. చేతులది ఏళ్ల అలవాటు. పని పూర్తయిన బట్ట ఎక్కడికి వెళ్లాలో వాటికి తెలుసు. అది తీసుకెళ్లే కొక్కెం.

దించుదామని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఆగిపోయింది. అక్క నియమం. "ఎవరొస్తారే పిచ్చిదానా దీనికోసం?" అని తనని తనే అడిగి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. రోజులుగా రాని ఏడుపు, ఒక్కసారిగా, వెక్కిళ్లతో.

వాన జోరందుకుంది. వీధిలో అలికిడి తగ్గింది. ఆఖరిసారి ఒక్కసారి నడిచి చూద్దాం, తర్వాత చెప్పేద్దాం అనుకుంది. షట్టర్ దించింది. దీపం ఆపింది. తన కోటు తొడుక్కుంది.

చీకటి మెల్లగా చిక్కబడింది. షట్టర్ మీద వాన ఒకే తీరున కొడుతోంది. మిషను నూనె వాసన, ఇస్త్రీ పెట్టె కింద మాడిన గుడ్డ వాసన. అన్నీ తెలిసినవే.

"ఇదిగో రేవు," అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అక్క మిషను పెడలు కిర్రుమంది. ఒక్కసారే.

ఎలుక అనుకుంది. అనుకుని, ఇంకో అడుగు వేసింది. అప్పుడొచ్చింది వాసన. తడిసిన ఊలు వాసన. దాని వెనక మందు వాసన. దాని వెనక ఈ దుకాణంలో ఎప్పుడూ లేనిది... ఉప్పు గాలి.

అలవాటుగా ఆమె చెయ్యి పక్కకి చాచింది. అక్క జేబు ఉండే ఎత్తుకి.

జేబు ఉంది.

వేళ్లు ఆ అంచు మీద ఆగిపోయాయి. దారం ఎదురు దిక్కుకి వాలి ఉంది...

లోపల మంచులా ఉంది. సన్నటి వేళ్లు వచ్చి ఆమె వేళ్లని చుట్టుకున్నాయి.

"గట్టిగా పట్టుకో," అంది గొంతు, చెవి పక్కనే, ఈలతో కలిసి. "గాలి ఎక్కువగా ఉంది."

అరవాలి. ఎవరైనా అరుస్తారు. కానీ ఆ వేళ్లకి సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన చివరలున్నాయి. ఆ చివరలు ఆమెకి జడ వేశాయి, అన్నం పెట్టాయి. వాటిని విదిలించుకోవడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

"అక్కా..."

"ఇక్కడ ఎడమకి."

తిరిగారు. నడిచారు. ఇంకా నడిచారు. కాళ్ల కింద నేల కరకరలాడుతోంది. ఎత్తుకి ఎక్కుతున్నట్టు పిక్కలు లాగుతున్నాయి. వాన చప్పుడు ఎక్కడో కింద, చాలా కింద ఉండిపోయింది.

"అక్కా... బల్ల తగలాలి కదా ఈపాటికి."

"దాటేశాం."

ఆమె ఏడుస్తూనే నడిచింది. "నేను రద్దు చేసేస్తానక్కా. నువ్వు లేకుండా ఎలా వెళ్లను?"

"లేకుండా ఏమిటే?" అదే వాదించే గొంతు. ఎప్పుడూ గెలిచే గొంతు. కాసేపు ఈల మాత్రమే వినిపించింది. తర్వాత గుసగుసగా, "చలేస్తోందే బొంగరం. నా కోటుకి ఆగడం లేదు. నీ కోటులో చోటుందిగా."

అక్క బతికుండగా ఏదీ అడగలేదు. తాగడానికి నీళ్లు కూడా తనే లేచి తెచ్చుకుంది. మొదటిసారి అడుగుతోంది.

ఆమె బొత్తాలు విప్పింది. "రా అక్కా," అంది.

చలి వచ్చి గుండెకి హత్తుకుంది...

ఎవరో షట్టర్ బాదుతున్నారు. "అమ్మాయ్, ఉన్నావా లోపల?"

కళ్లు తెరిచేసరికి ఆమె బల్ల కింద ముడుచుకుని ఉంది. లేచి, తడుముకుంటూ వెళ్లి షట్టర్ ఎత్తింది. వాన వెలిసిన సాయంత్రపు వెలుగు లోపలికి వచ్చింది. గుమ్మంలో టికెట్ల బాబాయి.

తీసుకెళ్లే కొక్కెం ఖాళీగా ఉంది.

ఆమె ఒంటి మీద కోటు లేదు. అది మధ్య కొక్కేనికి వేలాడుతోంది, మనిషి వచ్చి వేసుకుని చూడాల్సిన చోట. కింద నేల మీద విప్పిన దారం పోగులు పడి ఉన్నాయి. దించి తిరగేసి చూసింది. రెండు పక్కలా కుట్లు విప్పి, బాగా లోపలికి పట్టి మళ్లీ కుట్టి ఉంది. కుట్టంతా ఎదురు దిక్కుకి వాలి ఉంది.

"అది అక్క కోటు కదమ్మా," అన్నాడు బాబాయి, మెత్తగా. "లోపల పెట్టెయ్. ఎదురుగా ఉంటే ఏడుపే."

"కాదు బాబాయ్. నాది."

"నీదేమిటి? నీకు చెయ్యి కూడా దూరదు." ఆమెని నవ్వించాలని అతను నవ్వాడు.

ఆమె ఒక చెయ్యి దూర్చింది. రెండోది దూర్చింది. కింది బొత్తాం పెట్టింది, ఆ పైది, ఆ పైది. పొట్ట బిగించలేదు. ఎక్కడా బిగుసుకోలేదు. మెడ దగ్గర, పొద్దున అక్క కోటుకి తను కుట్టినదాని లాంటి ఆఖరి బొత్తాం కూడా తేలిగ్గా పడింది.

బాబాయి నవ్వు సగంలో ఆగిపోయింది. "సన్నబడ్డావా ఏమిటమ్మా ఈమధ్య?" అన్నాడు నెమ్మదిగా. మళ్లీ, వచ్చిన పని గుర్తొచ్చినట్టు, "మరి టికెట్టు... ఉంచనా, తియ్యనా?"

ఆమె గోడ మీది కేలండర్ బొమ్మ కేసి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉంచు బాబాయ్," అంది.

ఆ మాటకి ముందు ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి చివర సన్నగా ఈల వినిపించింది. గాలికి షట్టర్ పాడుతోందేమోనని బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. వీధిలో ఆకు కూడా కదలడం లేదు.