కొత్త మోడల్లో కొత్తేముంది?

సిగ్నళ్లన్నీ చచ్చాయి! సొవెటో ఊరంతటా కరెంటు లేదు.

ముందున్న ఎర్ర బండి కూడలిని ఆగకుండా దాటేసింది. వెనకే డినెయో పాత డబ్బా కారు. అడ్డంగా ఓ మినీబస్సు టాక్సీ...

స్టీరింగ్ ఒక్క తిప్పు. వెంట్రుకవాసిలో తప్పింది!

టాక్సీవాడు ఆమె ఏడు తరాలనీ తిడుతున్నాడు. వినే తీరిక ఆమెకి లేదు.

ఎర్ర బండిలో తమ్ముడు తబాంగ్ ఉన్నాడు.

వాడు కార్ల షోరూంలో సేల్స్‌మన్. ఆ కొత్త ఎర్ర బండి టెస్ట్ డ్రైవ్ కావాలంటూ సూటేసుకుని వచ్చాడు దుమిసా, గ్రౌండ్లో బళ్లు గిర్రున తిప్పి జనం చేత చప్పట్లు కొట్టించుకునేవాడు. గేటు దాటగానే తబాంగ్ డొక్కలో తుపాకీ పెట్టాడు. ఎదురుగా ఉన్న డినెయో గ్యారేజ్ ముందే... ఆమె కళ్లెదుటే!

ఆమె తమ్ముడి నంబరు నొక్కింది. ఫోను ఆ బండి స్పీకర్లలో మోగి ఉంటుంది.

"ఎవరూ... డినెయోనా? నీ తుప్పు డబ్బా ఇంకా కదుల్తోందా?"

"నా తమ్ముణ్ని దించెయ్. బండి నువ్వే తగలేసుకో."

"ఎలా దించుతానే? వీడు నా మొహం చూశాడు, నువ్వూ చూశావు. ముందు గ్రౌండ్లో బండి తిప్పుతా, జనం చూడాలి. ఆ తర్వాత వీడికో గుండు, నీకో గుండు."

"అక్కా..." తబాంగ్ కేక వేశాడు.

డినెయో పళ్లు కొరికింది. ఈ దుమిసా కూడా ఓ దొంగే! అమ్ముకోవడానికి కొట్టేసేవాడు నయం. వీడు చప్పట్ల కోసం కొట్టేస్తాడు.

ఆ బండీ అంతే. నెల్నాళ్లుగా రాత్రి భోజనాల దగ్గర తబాంగ్‌ది అదే పాట. మొక్కజొన్న ముద్ద చల్లారిపోయినా ఆపడు.

"అక్కా, ఈసారి ముందు జాలీ పెంచారు. స్క్రీన్ రెండింతలు. ఇంజిన్ చప్పుడు స్పీకర్లలోంచి వస్తుంది."

"చప్పుడు కూడా దొంగదేనా? రెండే తలుపులు, వెనక సీట్లో పిల్లి కూడా పట్టదు. దీనికి స్పోర్ట్స్ కారని పేరు!"

"హ్యాండ్‌బ్రేకు బదులు బటన్. ఎదురుగా మనిషి కనిపిస్తే దానంతట అదే ఆగుతుంది. డ్రైవరు బెల్టు తీసి తలుపు తెరిచినా ఆగిపోతుంది."

"మనిషిని నమ్మని బండి ఎందుకురా? బొమ్మ!"

ఆ రోజు నవ్వింది. ఇప్పుడు...

బెల్టు తీసి తలుపు తెరిస్తే...!

"తబాంగ్! బెల్టు పెట్టుకో. వీడి డ్రైవింగ్ ఏడుపుగొట్టుదని నీకు తెలీదు."

"నోర్ముయ్!" దుమిసా అరిచాడు.

"ఎందుకురా? పోయినసారి సీటుకి అతుక్కుపోయావుగా. బండి తిరుగుతుంటే అందరిలా తలుపు తీసి బయటికి వేలాడలేకపోయావు. లోపల కూర్చుని తిప్పడం మా అమ్మమ్మకీ వచ్చు!"

ఫోన్ కట్టయింది.

పసుపు రంగు గని మట్టి దిబ్బ కింద గ్రౌండ్. టైర్ల గుట్టలెక్కి జనం. ఈలలు! ఎర్ర బండి మధ్యలోకి దూసుకెళ్లింది... గిర్రున తిరుగుతోంది. టైర్ల పొగ. అరువు ఇంజిన్ చప్పుడు.

డినెయో అంచున ఆగింది. ఇంజిన్ ఆపలేదు. తమ్ముడు చెప్పింది అబద్ధమైతే? కంపెనీ వాళ్లు పుస్తకంలో రాసే గొప్పల్లో అదీ ఒకటైతే?

అదిగో... బెల్టు తీశాడు!

తలుపు తెరుచుకుంది. ఒక కాలు బయటికి. చేత్తో తుపాకీ పైకెత్తి జనానికి చూపిస్తున్నాడు... వెధవ!

కీచుమంది.

బండి ఉన్నచోటే బిగుసుకుపోయింది! దుమిసా గాల్లోకి లేచి మట్టిలో బొర్లాపడ్డాడు. సూటంతా దుమ్ము.

గ్రౌండంతా నవ్వు!

లోపల తబాంగ్ బెల్టుకి వేలాడుతున్నాడు. బతికే ఉన్నాడు.

దుమిసా లేచాడు. నోట్లో రక్తం. చేతిలో తుపాకీ అలాగే ఉంది. జనాన్ని చూశాడు... తబాంగ్‌ని చూశాడు... తుపాకీ అటు తిరుగుతోంది!

డినెయో యాక్సిలరేటర్ తొక్కింది.

చప్పుడుకి వాడు ఇటు తిరిగాడు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "ఆపవే! ఆపు!"

ధన్! ముందద్దం పొడిపొడి అయింది. చెంప మీద వెచ్చగా రక్తం కారుతోంది.

కొత్త బండి అయితే ఎదురుగా మనిషిని చూసి దానంతట అదే ఆగేది.

డినెయోది పాతది.

ఆమె బ్రేకు తొక్కలేదు.