కాశిమేడు పడవలో కాఫీ

"మా మామకు నేను విషం పెట్టినానంట మేడం," అంటూనే భువనేశ్వరి ఏడ్చేసింది.

చెన్నై తొండియార్‌పేటలోని మేడమీద గదిలో ప్రైవేటు డిటెక్టివ్ వెంకటలక్ష్మి ఆమెకు మంచినీళ్ళిచ్చి, ఆమె తేరుకునేదాకా ఆగింది. అసిస్టెంటు రఘురామ్ నోట్‌బుక్ తీశాడు. గుంటూరు నుంచి వచ్చి ఆమె దగ్గర చేరి రెండేళ్ళయినా, ఎదుటి మనిషిని తొందరపెట్టని ఆమె తీరు అతనికి ఇప్పటికీ ముచ్చటే.

సంగతి ఇదీ. భువనేశ్వరి మామగారు భక్తవత్సలం ముప్ఫయ్యేళ్ళు హార్బర్‌లో గుమాస్తాగా చేశాడు కానీ, ఒక్కనాడూ సముద్రం మీదికి పోలేదు. డెబ్బై ఐదో పుట్టినరోజుకి ఆ కోరిక తీరుద్దామని కాశిమేడు చేపల రేవులో ఆరోగ్యసామి పడవను నాలుగు గంటల సేపటికి మాట్లాడుకున్నారు. నిన్న పొద్దున ఆమె, భర్త శివరామ్, కూతురు జనని, మామగారు గాలాలు తీసుకుని బయల్దేరారు. ఎక్కగానే ఆమె ఫ్లాస్కులో కాఫీ అందరికీ పోసింది. గంటన్నర తిరక్కుండానే పెద్దాయన గాలం వదిలేసి, లేని మనుషులతో మాట్లాడసాగాడు. ఆసుపత్రిలో ఏదో మందు మోతాదు మించిందన్నారు.

"ఈ వయసులో సముద్రం వద్దని ఇంట్లో గొడవపడింది నేనే. కాఫీ పోసిందీ నేనే. సాయంత్రం మా ఆడబిడ్డ పుష్పవల్లి పోలీసులకు కంప్లైంట్ ఇస్తాదంట. మా ఆయన నా మొగం కూడా చూడ్డంలే."

"మామగారి చేతికి గ్లాసు ఎవరిచ్చారు?"

"మా ఆయనే తీసకపోయి ఇచ్చినారు. ఆ తర్వాత జనని ఆయనకు నన్నారి షర్బత్ ఇచ్చింది."

కాశిమేడు రేవులో పడవ కడుగుతున్న ఆరోగ్యసామి వెంకటలక్ష్మి ప్రశ్నలకు అరవంలో జవాబిచ్చాడు. అలలు పెద్దవిగానే ఉన్నాయట. కొడుకు, మనవరాలు దారంతా వాంతులు చేసుకుంటూనే ఉన్నారట. "పెద్దాయనకు మాత్రం ఏమీ కాలేదు. నోరు ఎండిపోతోందని ఒకటే నీళ్ళడిగాడు. ఎండ వైపు చూడలేకపోయాడు. కొత్తవాళ్ళను వాంతి బిళ్ళ వేసుకోమని ముందే ఫోన్లో చెప్తాను. ఆయన ఆ ఫోను లాక్కుని, హార్బర్ మనిషికి బిళ్ళేంటి, తన చేత మింగిస్తే పడవే ఎక్కనన్నాడు."

ఆసుపత్రి వరండాలో వెంకటలక్ష్మి తండ్రినీ కూతుర్నీ విడివిడిగా ఆ బిళ్ళల గురించే అడిగింది. తలొక బిళ్ళ కొన్నామనీ, తామే వేసుకున్నామనీ ఇద్దరూ చెప్పారు. తర్వాత ఆమె నర్సు దగ్గర పెద్దాయన చొక్కా అడిగి తీసుకుంది. జేబులో కళ్ళజోడు గుడ్డ, దువ్వెన, రెండు గుంటలు ఖాళీగా ఉన్న రేకు ముక్క. రఘురామ్ అన్నీ రాసుకున్నాడు గానీ, అతనికేమీ అర్థం కాలేదు.

డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడి వచ్చి, ఆమె అందరినీ పెద్దాయన మంచం చుట్టూ చేర్చింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. పుష్పవల్లి చేతిలో కంప్లైంట్ కాగితం ఉంది.

"బిళ్ళ వేసుకున్న ఇద్దరూ వాంతులు చేసుకున్నారు. వేసుకోనన్న పెద్దాయనకు కడుపులో తిప్పనైనా లేదు," అంది వెంకటలక్ష్మి. "మీ బిళ్ళలు మీ కడుపులోకి పోలేదు. శివరామ్‌గారూ, మీది కాఫీలో కలిపారు. జననీ, నీది షర్బత్‌లో."

జనని తల వంచుకుంది. "తాత కక్కితే తట్టుకోలేడని... నైనా కూడా వేసినట్టు నాకు తెలీదు."

"అవి రెండే. ఇంకో రెండు ఆయనే కొనుక్కుని మింగారు, పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా. ఆ బిళ్ళల ఖాళీ రేకు ఆయన జేబులోనే ఉంది. ఒక్కొక్కటిగా అయితే ఏమీ అయ్యేది కాదు. ఆ వయసులో నాలుగు కలిస్తే నోరు ఎండుతుంది, కళ్ళు వెలుతురుకు ఓర్వవు, మాట తప్పుతుంది. డాక్టరుగారూ అవునన్నారు. రేపటికి మామూలు మనిషవుతారట."

గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు.

"నా వల్లే అయిందేమోనని భయపడినా," అన్నాడు శివరామ్ నేల చూస్తూ. "అందుకే చెప్పలే."

"అందుకని విషం పెట్టింది నేనేనని అందర్నీ అననిస్తిరే," అంది భువనేశ్వరి మెల్లగా.

మంచం మీదనుంచి బొంగురు గొంతు వినిపించింది. "నేనూ మింగినాను. నా కోడలుబిడ్డనేమీ అనబాకండి."

పుష్పవల్లి కాగితం చించి, వదిన చేయి పట్టుకుంది. నర్సు పెద్దాయనకు ఇడ్లీ ప్లేటు తెచ్చి అలవాటుగా కోడలికి ఇవ్వబోయింది.

భువనేశ్వరి కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి, భర్త వైపు చూసింది.

"మీరే తినిపించండి. నేను కొంచేపు ఊరికే కూర్చుంటా."