గుండ్రం చెడని ముద్ర

మిట్టమధ్యాహ్నం కలప డిపో గేటు ముందు రేంజ్ ఆఫీసర్‌ని కాల్చి చంపారు. జేబులో పర్సు ఉంది, చేతికి వాచీ ఉంది. నడుముకి వేలాడే ముద్ర సుత్తి మాత్రం లేదు.

ఆ సుత్తి మొహాన ఆఫీసర్ నంబరుతో, సంవత్సరంతో గుండ్రటి సర్కారు ముద్ర ఉంటుంది. నరకకూడని జాతి చెట్టు గాలివానకి తనంతట తానే కూలితే, ఆఫీసర్ అదే రోజు వెళ్లి, చివర కోయించి, పచ్చి కోత మీద దాంతో కొట్టాలి. ముద్ర పడ్డ దుంగ దర్జాగా సరిహద్దు దాటుతుంది. ముద్ర లేనిది దొంగసరుకు. అంటే ఆ సుత్తి ఎవడి చేతిలో ఉంటే అడవి వాడిదన్నమాట.

"మీ బావ పోయిన ఈ ఆరు నెలల్లో ఆయన ముద్రతో ఒక గూడ్సు రైలుకి సరిపడా దుంగలు బయటికొచ్చాయి," అన్నాడు చీఫ్ బ్రీఫింగ్ రూములో. "ముద్రలన్నీ ఆయన బతికున్న ఆఖరి రోజుల్లో, చెట్లు కూలిన రోజునే కొట్టినట్టు కాగితాలున్నాయి. ల్యాబ్‌లో చూపించాం. ముద్ర అసలుదే."

"అయితే బావే దొంగచెట్లకి ముద్ర కొట్టిచ్చి ఉంటాడు. వాటా దగ్గర తేడా వచ్చి చంపేసుంటారు," అన్నాడు ఏజెంట్.

"సొంత బావ గురించి అంత తేలిగ్గా అనేశావే!"

"ఆయనంటే నాకు మొదట్నుంచీ పడదు సార్."

ఈ మిషన్‌లో అతని కోడ్‌నేమ్ చెద. చీఫ్‌కి హాస్యం తక్కువ. ఉన్న కాస్తా ఇలాంటి చోట్లే వాడేస్తాడు.

"రేపు మధ్యాహ్నం ఆ రైలు చెక్‌పోస్టు దాటి అవతలి దేశం ముఠాకి చేరుతుంది. దాటితే మన చేతులు కట్టేసినట్టే. నువ్వు కలప కొనే కంపెనీ మనిషిగా వెళ్లు. నువ్వు 'సరుకు బాగుంది' అంటే చెక్‌పోస్టు ఆఫీసర్ రైలు వదిలేస్తాడు. ఆపాలంటే అక్కడే ఆధారం చూపించాలి. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది. నీకు సాయం చేస్తుంది." కెమెరా ఉన్న వాచీ ఒకటి బల్ల మీదుగా తోశాడు.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. తమ్ముడు ప్రెషర్ కుక్కర్ల కంపెనీలో సేల్స్‌మన్ అనే ఆమె ఇప్పటికీ నమ్ముతోంది.

"ఆఫీసు గోడ మీంచి మీ బావ ఫొటో తీసేశార్రా. దొంగ కూతురంటున్నారని పిల్ల బడికి పోనంటోంది. లోకం సంగతి సరే, నువ్వేం చేశావు? శవం దగ్గర నోరు కుట్టేసుకుని నిలబడ్డావు."

"నాకు తెలియని విషయం గురించి ఏం మాట్లాడమంటావక్కా?"

"అవున్లే, కుక్కర్లు అమ్ముకునేవాడివి, నీకేం తెలుస్తుంది!" ఫోన్ ఠక్కున పెట్టేసింది.

రైలు పట్టాల పక్కన కలప యార్డు. ఎటు చూసినా రంపపు పొట్టు, రంపాల రొద. అంత పొట్టులోనూ ఆ మేడమ్ హైహీల్స్ మీద నలుసు లేదు. నల్ల కళ్లద్దాలు, చేతి మీద పట్టు స్కార్ఫ్.

"ఈ కలపకి పాలిష్ పడుతుందా?" అడిగాడు చెద.

"పడుతుంది. రంగు మాత్రం తేలదు."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. "వాచీ బాగుంది. ఇలా ఇవ్వండి."

స్కార్ఫ్ కింద నుంచి పిస్టల్ గొట్టం అతని పక్కటెముకలకి తగిలింది. ఇవ్వక చస్తాడా! హైహీల్ కింద వాచీ పటపటమంది.

"రెండు వైపులా జీతం తీసుకుంటున్నాను," అంది మేడమ్. "టైముకి ఇచ్చేది మాత్రం వాళ్లే. పద. చెక్‌పోస్టులో ఒక్క మాట చెప్పు, ప్రాణాలతో పోతావు. ఆ రేంజ్ ఆఫీసర్ కూడా నన్ను ఇలాగే కొరకొరా చూశాడు. సుత్తి ఇచ్చెయ్యమంటే ఇవ్వలేదు. కాల్చాక కూడా పిడి వదలడే! మొండి మనిషి."

చెదకి ఒళ్లు మండిపోయింది. ఆమె మీదే కాదు, తన మీద కూడా. ఆ మొండి మనిషినే తను దొంగన్నాడు.

చెక్‌పోస్టు దగ్గర రైలు ఆగి ఉంది. మీసాల ఆఫీసర్ పచ్చజెండా పట్టుకుని, పాత దుంగనే బెంచీ చేసుకుని కూర్చున్నాడు. ఇద్దరు గార్డులు తుపాకులతో నిలబడ్డారు. మేడమ్ చెదని ఆనుకుని నిలబడి, రెండో చేత్తో గుండ్రటి పౌడరు డబ్బా తెరిచి అద్దంలో వెనక్కి చూస్తోంది.

"ఏమంటారు సార్? సరుకు బాగుందా?" అన్నాడు ఆఫీసర్.

చెద కళ్లు బెంచీ మీద పడ్డాయి. దాని చివర ముద్ర ఉంది. పాత సంవత్సరం, బావ నంబరు. పచ్చి మీద పడ్డ ముద్ర దుంగ ఎండి బీటలిచ్చినప్పుడు తనూ రెండుగా చీలి, బీటతోపాటు ఎడంగా జరిగింది. గుండ్రం కాస్తా కోడిగుడ్డయింది. వ్యాగన్ల మధ్య సందులో రైలు దుంగల మొహాలు చూశాడు. అవీ ఎండినవే, అవీ బీటలిచ్చినవే. కానీ ముద్రలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి.

"మేడమ్, ఆ డబ్బా ఒకసారి ఇస్తారా?" అన్నాడు మర్యాదగా.

పదిమంది ముందు కాదంటే బాగుండదు. ఇచ్చింది. చెద మూత ఊడదీసి ఆఫీసర్ చేతిలో పెట్టాడు.

"దీన్ని మీ బెంచీ ముద్ర మీద పెట్టండి."

"పట్టదే! ముద్ర అటూ ఇటూ బయటికొస్తోంది."

"రైలు దుంగల మీద పెట్టి చూడండి."

ఆఫీసర్ పట్టాల దగ్గరికి వెళ్లి, వంగి, ఒకటి చూశాడు, పక్కది చూశాడు. "చుట్టూ సమానంగా కూర్చుంటోంది. అన్నిటికీ!"

"పచ్చి మీద కొట్టుంటే మీ బెంచీదానిలాగే చీలి జరిగేవి. ఇవి దుంగలు ఎండి బీటలిచ్చాక కొట్టిన ముద్రలు. కాగితాల ప్రకారం ఆ చెట్లు కూలింది రేంజ్ ఆఫీసర్ ఆఖరి రోజుల్లో. అవి ఎండేసరికి ఆయన లేడు. సుత్తి హంతకుల దగ్గరుంది."

ఇంజన్ కూత వేసింది. ఆఫీసర్ చేతిలో పచ్చజెండా కిందికి వాలిపోయింది. స్కార్ఫ్ కింద పిస్టల్ కదిలింది. చెద తన చేతిలో మిగిలిన డబ్బాలోని పౌడరంతా మేడమ్ కళ్లలోకి ఊదాడు. గుండు గురి తప్పి బావ ముద్ర ఉన్న పాత దుంగలో దిగబడింది. రెండోది పేలేలోగా గార్డులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. సుత్తి ఆమె కారు సీటు కింద దొరికింది.

వారం తిరిగాక అక్క మళ్లీ ఫోన్ చేసింది.

"ఫొటో మళ్లీ గోడకి పెట్టార్రా. పిల్ల తనే వెళ్లి చూసొచ్చింది. ఎవరో పెద్ద ఆఫీసరట, ముద్ర చూడగానే గుట్టంతా బయటపెట్టాడట. పేపర్లో పేరు వేయలేదు. మన ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకడుంటే..."

"ఉన్నాడుగా అక్కా. బావ."

అక్క ఏడుస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది.

"ఆ మాట ఆ రోజే అనాల్సింది," అంది చివరికి. ముక్కు చీదుకుంది. "సరేగాని, నువ్విచ్చిన కుక్కర్ విజిల్ వేయడం లేదు. నీకు తెలిసిన పని అదొక్కటేగా, వచ్చి చూసిపో."