ఎర్ర పాచి

"నోరు పెద్దగా తెరవండి. అబ్బా, ఎంత పాచి పట్టించినారు!"

బెంగళూరు హూడిలోని చిన్న పళ్ళ క్లినిక్‌లో డాక్టర్ చైత్ర లలిత్‌తో అన్న మొదటి మాట ఇది. ప్రేమకథకు ఇంతకంటే దిక్కుమాలిన మొదలు ఉండదు.

నోరు ఖాళీ కాగానే లలిత్ ఉక్రోషంగా వెయిటింగ్ హాల్లోని ఉప్పునీటి అక్వేరియం వైపు చూపించాడు. "మా ట్యాంకులో ఇంకా ఎక్కువుంది. మీ దాంట్లో లేదేంటి? కొత్తగా పెట్టాను. ఇసుకా, రాళ్ళూ అంతా బ్రౌన్."

"వేలితో తుడిస్తే పొడి మాదిరి లేస్తాదా, జుట్టు మాదిరి పీక్కొస్తాదా?"

"పొడిలాగే. రోజూ తుడిచి నీళ్ళు మారుస్తున్నాను."

"ఏం నీళ్ళు?"

"అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళే. ఉప్పు కలిపి."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వులో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. "దానికి రోజూ నువ్వే భోజనం పెడతా ఉండావప్పా! బోరు నీళ్ళలో సిలికా ఉంటాది, ఆ పాచికి అదే తిండి. ఆర్‌ఓ నీళ్ళు పొయ్యి, లైటు తగ్గించు. కొత్త ట్యాంకుకు వచ్చేదే, దానంతటదే పోతాది."

నిజంగానే పోయింది. లలిత్ మాత్రం ఏదో ఒక పన్ను పేరు చెప్పుకుని క్లినిక్‌కి వెళ్తూనే ఉన్నాడు. లేని నొప్పిని ఆమె కూడా శ్రద్ధగా వెతికేది.

వానాకాలంలో క్లినిక్ మూతపడింది. బిల్డింగు కూల్చి కొత్తది కడతారట. చైత్ర హొసకోటెకి, వాళ్ళ నాయన దగ్గరికి వెళ్ళిపోతోంది. సామాను ఎక్కించిన ఆటో పక్కన తడుస్తూ లలిత్ చెప్పేశాడు. "మీరు లేకపోతే నాకు ఈ ఊళ్ళో ఏమీ లేదు. మీరంటే ఇష్టం నాకు."

ఆమె కళ్ళు దించుకుంది. క్లినిక్ ట్యాంకులోని క్లౌన్ చేపల జంటను నీళ్ళు నింపిన కవరుతో సహా అతని చేతిలో పెట్టి, "సాకప్పా" అంది. ఆటో కదిలింది.

లలిత్‌ది గుడివాడ. బెంగళూరులో దిగగానే నేర్చుకున్న కన్నడ ముక్క 'సాకు'. అంటే చాలు. హోటల్లో సాంబారు పోసేవాడికి చేయి అడ్డం పెట్టి రోజూ చెప్పే మాట. చాలన్న మనిషికి ఫోన్ ఎలా చేస్తాడు? చెయ్యలేదు. దాన్ని పౌరుషం అనుకున్నాడు గానీ అది వట్టి దుఃఖం.

వాన వదల్లేదు. అతను చేపలకు గుప్పెడు మేత పడేసి, తిన్నాయో లేదో చూడకుండా ముసుగు తన్ని పడుకునేవాడు. మిగిలిన మేత కుళ్ళింది. నీళ్ళు తిప్పే పంపు మొరాయించినా పట్టించుకోలేదు. రాళ్ళ మీద ఎర్రటి పాచి దుప్పటిలా పరుచుకుంది. జంటలో ఒక చేప చచ్చిపోయింది.

ఒక సాయంత్రం తలుపు తీస్తే చైత్ర. క్లినిక్‌లో అతను రాయించిన అడ్రసు పట్టుకుని వచ్చింది. "చేపల్ని చూసిపోదామని" అంటూ ట్యాంకు ముందుకెళ్ళి నిలబడిపోయింది. "ఇంకోటేది?"

అతను తల వంచుకున్నాడు.

"సాకమని ఇస్తే చంపేస్తివా?"

"సాకు అంటే... చాలని కదా?"

"కన్నడంలో! మా ఇండ్లల్లో సాకేదంటే పెంచుకునేది. నీతో తెలుగే కదప్పా మాట్లాడేది నేను?" ఆమె అతని వైపు తిరిగింది. "నా చేపల్ని నీకిచ్చినానంటే అర్థం కాలేదా? ఫోన్ చూసుకుంటా కూర్చుంటి. నువ్వు చెయ్యలేదు. నాయన చెప్పిన సంబంధానికి సరే అంటిని. రేపు చూసేకి వస్తుండారు."

లలిత్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "ఆ రోజే అర్థం అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, నన్ను చేసుకుంటారా?"

ఆమె మళ్ళీ ట్యాంకు వైపు తిరిగింది. కుర్తా చేతులు పైకి మడిచి, సన్నటి పైపు పెట్టి ఎర్ర పాచిని పొరలు పొరలుగా బకెట్లోకి లాగసాగింది. "పంపు సరిచెయ్యి. నీళ్ళు కదలకపోతే ఇది మళ్ళా వస్తాది."

అతను పంపు విప్పి కడిగాడు. మిగిలిన చేప మూల నుంచి కదల్లేదు. అది బతుకుతుందో లేదో ఇద్దరికీ తెలియదు.

చైత్ర ఫోన్ మోగింది. చేతులు తడి కావడంతో స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"ఎక్కడుండావమ్మా? వాళ్ళు పొద్దున్నే బయల్దేరతారంట."

"వద్దని చెప్పు నాయనా."

"ఎందుకమ్మా?"

చైత్ర లలిత్ వైపు చూసింది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "రేపు నేనే ఒకాయన్ని పిల్చుకొస్తుండా. ఆయనకు మన తెలుగు సరిగా రాదు. నువ్వు కొంచెం నిదానంగా మాట్లాడు."